గ్యాస్ గీజర్: మొదటి స్నానానికి ఓకే, రెండో స్నానానికి ఆరిపోతోంది

వాల్తేరు_వేడినీళ్లు
పదిరోజులుగా ఈ గీజర్ నా బుర్ర తినేస్తోంది. ఆరు లీటర్ల గ్యాస్ గీజర్, కొని ఐదేళ్లయింది. పొద్దున్నే ముందు నేను స్నానం చేస్తాను, ఏ గొడవా ఉండదు. నా తర్వాత మా ఆవిడ వెళ్తే సగం స్నానంలో ఠపీమని ఆరిపోతుంది. ట్యాప్ కట్టి మళ్లీ తిప్పితే టిక్ టిక్‌మని వెలిగి, పది సెకన్లలో మళ్లీ పోతుంది. తలనిండా షాంపూతో ఆవిడ లోపల్నుంచి కేకలు, గీజర్‌లో వేసే బ్యాటరీ సెల్లులు పట్టుకుని బయట నేను పరుగులు.

సెల్లులు రెండుసార్లు మార్చాను. సిలిండర్ మొన్ననే మార్చాం. మెకానిక్ వచ్చాడు, మూత కూడా సరిగ్గా విప్పకుండానే "లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది సార్, 1,800 అవుతుంది" అన్నాడు. ఆ మాట చెప్పినందుకు 300 పట్టుకెళ్లాడు.

ఇంకో వింత ఏంటంటే, బాత్రూం తలుపు తీసి ఉంచి నీళ్లు వదిలితే పావుగంటైనా ఆరదు. మెకానిక్ ముందు అలాగే బుద్ధిగా వెలిగి నా పరువు తీసింది. బోర్డు మార్చమంటారా?

కంచరపాలెం_కుర్రాడు
ఏటి గురూ, ఒంటరిగా ఉండాలంటే భయపడే గీజరా? తోడుగా ఎవరినైనా కూర్చోబెట్టండి.

గాజువాక_గిరి
బోర్డుకి తొందరపడకండి. ఏ సెల్లులు వేశారు? మామూలు టార్చి సెల్లులయితే కొత్తవి కూడా వారానికే నీరసపడతాయి. రెండూ కలిపి 3 వోల్టులు రావాలి. స్పార్క్ కొట్టడానికి, గ్యాస్ వాల్వ్ తెరిచి పట్టుకోడానికి, అన్నిటికీ అదే కరెంటు. ఆల్కలైన్ వేయండి. సెల్లుల డబ్బాలో స్ప్రింగులకి చిలుము పట్టిందేమో కూడా చూడండి. మా తమ్ముడిది బీచ్ రోడ్డు వెనక ఇల్లు, ఏడాదికోసారి ఆ స్ప్రింగులు పచ్చగా అయిపోతాయి. ఉప్పుకాగితంతో గీకితే మళ్లీ ఏడాది నడుస్తుంది.

వాల్తేరు_వేడినీళ్లు
ఆల్కలైనే గిరి గారూ. స్ప్రింగులు గీకాను, తళతళలాడుతున్నాయి.

మధురవాడ_మూడో_అంతస్తు
టైమర్ అయ్యుంటుంది. చాలా గీజర్లు 20 నిమిషాలకి వాటంతటవే ఆగిపోతాయి, మర్చిపోయి వదిలేస్తారని కంపెనీవాళ్లే పెడతారు. మీ ఇద్దరి స్నానాలూ కలిపితే ఇరవై దాటుతుందేమో?

వాల్తేరు_వేడినీళ్లు
నాది ఎనిమిది నిమిషాలు. మధ్యలో ట్యాప్ కడతాం కదా, టైమర్ మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతుంది. పైగా టైమర్ అయితే మళ్లీ తిప్పగానే హాయిగా వెలగాలి.

అక్కయ్యపాలెం_అమ్మమ్మ
నీళ్ల ప్రెషర్ చూడు నాయనా. మాది పై అంతస్తు, ట్యాంకు మా నెత్తిమీదే ఉంది. పక్క బాత్రూంలో ఎవరు ట్యాప్ తిప్పినా మా గీజర్ ఆరిపోయేది. లోపల రబ్బరు డయాఫ్రం ఒకటుంటుంది. నీళ్లు తోస్తే అది ఉబ్బి స్విచ్‌ని నొక్కుతుంది. అది గట్టిపడిపోయి చిరిగిందిట. మా మనవడు విప్పి చూపించాడు, అప్పడంలా ఉంది.

లాసన్స్‌బే_గాలి
అమ్మమ్మగారి పోస్టు చూస్తే హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12న తుఫాను. తర్వాత మా వీధికి వారం పైగా కరెంటు లేదు. "కరెంటు అక్కర్లేని గీజర్ మాది" అని అపార్ట్‌మెంటంతా చాటింపు వేసుకున్నాను. తీరా చూస్తే మోటారు ఆడక ట్యాంకులో నీళ్లే లేవు. కింద ట్యాంకర్ దగ్గర బకెట్లతో పట్టుకొచ్చి గీజర్ వైపు చూస్తూ చన్నీళ్లు పోసుకున్నాం.

కంచరపాలెం_కుర్రాడు
బకెట్ ఎత్తి గీజర్ పైపులో పోయాల్సింది.

సీతమ్మధార_సింపుల్
ఇంత చర్చ ఎందుకండీ. గీజర్ లోపల రాగి డబ్బాకి పక్కన బిళ్ల సైజు ఓవర్‌హీట్ సెన్సర్ ఉంటుంది, రెండు వైర్లు. ఆ వైర్లు పీకి ఒకదానికొకటి కలిపేయండి. మాది ఇలాగే మాటిమాటికీ ఆగేది, మా ఎలక్ట్రీషియన్ కలిపేశాడు. రెండేళ్లుగా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఉక్కునగరం_రిటైర్డ్
సింపుల్ గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. మీ ఇంట్లో కూడా ఈ రోజే ఆ వైర్లు మళ్లీ సెన్సర్‌కి తగిలించండి. నీళ్లు ఆగిపోయి మంట ఆగకపోతే లోపల ఉన్న కాసిని నీళ్లు మరిగి ఆవిరవుతాయి. అప్పుడు గ్యాస్ కట్టేసేది ఆ బిళ్ల ఒక్కటే.

వాల్తేరు గారూ, బోర్డు సంగతి పక్కన పెట్టి నాకు ఇవి చెప్పండి. గీజర్ బాత్రూం లోపలే ఉందా? వెంటిలేటర్ ఎంత పెద్దది, తెరిచి ఉందా? వెలిగినప్పుడు గీజర్ ముందుండే బుల్లి కిటికీలోంచి కనిపించే మంట నీలంగా ఉందా, పసుపుగా ఉందా? పైన గోడకి గాని, సీలింగుకి గాని మసి ఉందా? మూడోది చాలా ముఖ్యం.

వాల్తేరు_వేడినీళ్లు
బాత్రూం లోపలే. ఆరడుగులు బై నాలుగడుగుల బాత్రూం. వెంటిలేటర్ ఉంది, కానీ కార్తీకమాసంలో తెల్లారుజాము స్నానాలకి చలిగాలి కొడుతోందని ప్లాస్టిక్ షీటు కొట్టించాను. దోమలు కూడా తగ్గాయి. మంట మొదట నీలంగానే ఉంటుంది, కాసేపటికి కొసలు పసుపవుతాయి. గీజర్ పైన గోడ నల్లబడింది, దీపాల మసి అనుకున్నాం. దీపాలు అక్కడ ఎవరు పెడతారని ఇప్పుడు అనిపిస్తోంది.

ఉక్కునగరం_రిటైర్డ్
ఇంకొక్క మాట. ఆ బాత్రూంలో స్నానం చేశాక ఇంట్లో ఎవరికైనా తలనొప్పిగాని, కళ్లు తిరగడంగాని?

వాల్తేరు_వేడినీళ్లు
మీకెలా తెలుసండీ? మా ఆవిడకి తలస్నానం చేసిన రోజల్లా తలనొప్పి. సైనస్ అనుకున్నాం. పోయిన శుక్రవారం బయటికొచ్చి గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది. లో బీపీ అని ఉప్పు నిమ్మరసం ఇచ్చాను. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సిమీటర్ పెడితే 98 చూపించింది, అందుకే హాస్పిటల్‌కి వెళ్లలేదు.

ఉక్కునగరం_రిటైర్డ్
ముందు రెగ్యులేటర్ కట్టేయండి. ఈ నిమిషం నుంచి ఆ గీజర్ వెలిగించవద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నైట్‌డ్యూటీ_నర్సు
డ్యూటీ దిగి చదువుతున్నాను. రిటైర్డ్ గారు చెప్పింది అక్షరాలా పాటించండి.

ఆక్సిమీటర్ 98ని నమ్మకండి. గాలి చాలని చోట గ్యాస్ కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మన ఇళ్లలో ఉండే వేలి ఆక్సిమీటర్‌కి ఆ తేడా తెలియదు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది. మనిషి పడిపోయే స్థితిలో ఉన్నా 97, 98 చూపించొచ్చు. నిజం తెలియాలంటే హాస్పిటల్లో రక్తపరీక్ష చేయించాలి.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, బయటికొచ్చి గాలి పీలిస్తే తగ్గిపోవడం. సరిగ్గా మీ ఇంట్లో జరిగినదే. ఇంకొంచెం ఎక్కువైతే కాళ్లు సహకరించవు, గడియ తీసే ఓపిక కూడా ఉండదు. మేడంని ఈ రోజే డాక్టర్‌కి చూపించండి, "గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉంది" అన్న మాట మీరే ముందు చెప్పండి. చెప్పకపోతే చాలాసార్లు గ్యాస్ట్రిక్, బీపీ దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నారా?

వాల్తేరు_వేడినీళ్లు
తొమ్మిదేళ్ల పాప ఉంది. గీజర్ కట్టేశాను, షీటు పీకేశాను. చేతులు వణుకుతున్నాయండీ. హాస్పిటల్‌కి బయల్దేరుతున్నాం.

గోపాలపట్నం_గట్టు
అర్థం కాక అడుగుతున్నా, లీకైతే గ్యాస్ వాసన వస్తుంది కదా? 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో విషవాయువు లీకైన తర్వాత మా వైపు చిన్న వాసన వచ్చినా వీధంతా లేచి కూర్చుంటుంది. మా ఇంట్లో గ్యాస్ అలారం కూడా పెట్టించాను.

ఉక్కునగరం_రిటైర్డ్
అవి రెండూ వేరు. వంటగ్యాస్‌కి స్వతహాగా వాసన లేదు, లీక్ తెలియాలని మెర్కాప్టాన్ కలుపుతారు. అది కాలిపోయాక ఆ వాసనా కాలిపోతుంది. ఇక్కడ లీకే లేదు, కాలిన గాలితోనే ప్రమాదం. మీ అలారం వంటగ్యాస్‌ని పట్టేదైతే మోనాక్సైడ్‌కి మోగదు. డబ్బా మీద ఏది రాసుందో చూడండి. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి ఆ అలారం నేలకి దగ్గరగా పెడతారు. మోనాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది, దానికి వేరే అలారం.

ఎంవీపీ_మొండి
అందరూ కలిసి ఆయన్ని భయపెట్టేస్తున్నారు. మా గీజర్ ఎనిమిదేళ్లుగా బాత్రూం లోపలే ఉంది. నలుగురం స్నానం చేస్తాం. ఏమీ కాలేదు. నిజంగా అంత ప్రమాదమైతే అమ్మనిస్తారా?

ఉక్కునగరం_రిటైర్డ్
మొండి గారూ, లెక్క వేద్దాం, కోప్పడకండి.

ఆరు లీటర్ల గీజర్ నిమిషానికి ఆరు లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 16 గ్రాముల గ్యాస్ కాల్చాలి. పది నిమిషాల స్నానానికి 160 గ్రాములు. కిలో వంటగ్యాస్ పూర్తిగా కాలడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. అంటే ఒక్క స్నానానికి రెండు ఘనపు మీటర్లు. వాల్తేరు గారి బాత్రూం ఎనిమిదడుగుల ఎత్తు అనుకుంటే మొత్తం గాలే ఐదున్నర ఘనపు మీటర్లు. మొదటి మనిషి స్నానం చేసేసరికి మూడో వంతు అయిపోయింది. తలుపు సందుల్లోంచి వచ్చేది కొంత ఉంటుంది, కాదనను. వెంటనే రెండో మనిషి వెళ్లి గడియ వేసుకుంటే?

ఇప్పుడు ఆ "వింత" చూడండి. గాలిలో ఆక్సిజన్ తగ్గితే మంట బర్నర్ మీద కుదురుగా కూర్చోదు, పైకి లేచి ఊగుతుంది. మంట తగలాల్సిన సెన్సర్ కడ్డీకి అది తగలదు. మంట ఆరిపోయిందనుకుని బోర్డు గ్యాస్ కట్టేస్తుంది. అందుకే రెండో స్నానానికి ఆగుతోంది, అందుకే తలుపు తీస్తే ఆగడం లేదు. బోర్డు పోలేదు, అది తన డ్యూటీ తాను చేస్తోంది. అలాగని దాన్నే నమ్ముకోవడానికి లేదు, గీజర్ ఆగేలోపే మోనాక్సైడ్ పేరుకోవచ్చు. ఇలాంటి చిన్న గీజర్లకి పొగగొట్టం ఉండదు, కాలినదంతా గదిలోకే వస్తుంది. బాత్రూం బయట బిగించమని వాటితో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. మీ వెంటిలేటర్ పెద్దదై ఉంటుంది, తెరిచి ఉండి ఉంటుంది. ఎనిమిదేళ్లూ మిమ్మల్ని కాపాడింది అదే.

ఎంవీపీ_మొండి
మా వెంటిలేటర్‌కి పావురాల గూడు ఉంది. రేపు తీయిస్తాను.

కంచరపాలెం_కుర్రాడు
పావురాలకి కూడా తలనొప్పి వస్తుందేమో పాపం.

షికాగో_చలి
నేను పుట్టి పెరిగింది డాబాగార్డెన్స్, ఇప్పుడు షికాగో. ఇక్కడ ఇల్లు వెచ్చబెట్టేది బేస్‌మెంట్లో ఉండే గ్యాస్ ఫర్నేస్. పోయిన శీతాకాలం మాకూ ఇదే నాటకం. వెలుగుతుంది, నాలుగు సెకన్లలో ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. కొన్నిసార్లు అలా చేసి పూర్తిగా మొండికేసి కూర్చుంటుంది, లోపల బుల్లి లైటు మిణుకు మిణుకుమంటుంది. ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టి, తలుపు లోపల అంటించిన పట్టీ చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది. బయట మైనస్ పద్దెనిమిది, లోపల స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని నేను మిణుకులు లెక్కపెడుతున్నాను.

చివరికి అదీ సెన్సర్ కడ్డీయే. కడ్డీ మీద పొర పట్టేసింది. కరెంటూ గ్యాసూ కట్టి, ఒక స్క్రూ తీసి, సన్నటి స్టీలు పీచుతో తుడిచి పెట్టాను. అంతే. కానీ ఇక్కడ ఫర్నేస్ కాలిన గాలి ఇంట్లోకి రాదు, పైపులోంచి బయటికి పోతుంది. అయినా మా ఇలినాయ్‌లో ప్రతి పడకగదికీ 15 అడుగుల లోపు మోనాక్సైడ్ అలారం ఉండాలని చట్టం. అమ్మావాళ్ల ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంది. ఈ థ్రెడ్ చదివి అర్ధరాత్రి ఫోన్ చేసి తిట్లు తిన్నాను.

గాజువాక_గిరి
నేను సెల్లుల దగ్గరే ఆగిపోయాను, ఒప్పుకుంటున్నా. ఒక డౌటు. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోదా? గీజర్ కదపడం పెద్ద పని.

ఉక్కునగరం_రిటైర్డ్
ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది, లోపలికి గాలి ఎక్కణ్నుంచి రావాలి? తలుపు బిగుతుగా ఉంటే దారి లేదు. పైగా కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, సెల్లులతో నడిచే గీజర్ ఆగదు. బయటికి మార్చడమే.

లాసన్స్‌బే_గాలి
బయటంటే మా వైపు ఇంకో తలనొప్పి. సముద్రం వైపు బాల్కనీలో పెట్టాను. గాలికి మంట నిలవదు, ఏడాదిన్నరకి బాడీ చిల్లులు పడింది, బర్నర్ మీద తుప్పు పొరలు రాలి రంధ్రాలు మూసుకుపోయాయి. తర్వాత వెనక వైపు, గిన్నెలు తోముకునే బాల్కనీలో పెట్టించాను. అక్కడ మూడేళ్లుగా బాగుంది. బాగా తెరిచి ఉన్న చోటే కానీ ఎదురుగాలి కొట్టకూడదు, పైన చిన్న రేకు ఉండాలి.

అక్కయ్యపాలెం_అమ్మమ్మ
వాల్తేరు నాయనా, అమ్మాయికి ఎలా ఉంది? మా మనవడి చేత నాలుగుసార్లు తెరిపించి చూశాను ఈ పేజీ.

వాల్తేరు_వేడినీళ్లు
బాగుందమ్మా. డాక్టర్‌గారికి నర్సు మేడం చెప్పినట్టే చెప్పాను. రక్తపరీక్ష చేశారు, కాసేపు ఆక్సిజన్ పెట్టారు. మేము వెళ్లేసరికి చివరి స్నానం చేసి ఒకరోజు గడిచింది కాబట్టి పరీక్షలో పెద్దగా ఏమీ రాలేదు. కానీ ఆ గీజర్ మళ్లీ వాడొద్దని గట్టిగా చెప్పి పంపారు. వారం రోజులుగా స్టవ్ మీద గుండిగలో కాచుకుంటున్నాం. తలనొప్పి ఒక్కరోజు కూడా రాలేదు. ఐదు నెలలుగా సైనస్ మాత్రలు మింగించాను ఆవిడ చేత.

నైట్‌డ్యూటీ_నర్సు
ఐదు నెలలా? షీటు కొట్టింది కార్తీకంలో అన్నారు కదా, అంటే దానికి ముందు నుంచే ఎంతోకొంత ఉందన్నమాట.

వాల్తేరు_వేడినీళ్లు
అవును మేడం, అదే నన్ను తినేస్తోంది. షీటు లేనప్పుడు వెంటిలేటర్ మెష్‌కి దుమ్ము గడ్డకట్టి ఉండేది.

సరే, గీజర్ కథ. వేరే మెకానిక్‌ని పిలిచాను, పెద్దాయన. మూత విప్పితే రాగి రెక్కల మధ్య మసి దూదిలా పట్టేసి ఉంది. కాలిన గాలి పైకి పోవడానికి దారే లేదు. సెన్సర్ కడ్డీ నల్లగా. బర్నర్ మీద తుప్పు. ఆయన అన్నీ విప్పి, పళ్ల బ్రష్షూ కాస్త సబ్బునీళ్లూ పెట్టి గంటసేపు తోమాడు. 600 తీసుకున్నాడు. బోర్డు పాతదే. రబ్బరు ట్యూబు మీద తేదీ చూపించి "ఐదేళ్లు దాటింది సార్, ఇదీ మార్చండి" అన్నాడు. బిగించాక అతుకుల దగ్గర సబ్బునురగ రాసి బుడగలు వస్తాయేమో చూశాడు. మొదటి మెకానిక్ ఇవేవీ చూడలేదు.

నిన్న ప్లంబర్‌తో వెనక బాల్కనీలోకి మార్పించాను. గోడకి కన్నం, పైపు, కూలీ అన్నీ కలిపి 2,700. ఈ రోజు ముగ్గురం వరసగా స్నానం చేశాం, తలుపు వేసుకుని. ఒక్కసారి కూడా ఆరలేదు. మంట నీలంగా, నిటారుగా ఉంది. మోనాక్సైడ్ అలారం కూడా ఆర్డర్ పెట్టాను. ఒకటే ఇబ్బంది, పైపు పొడుగైంది కదా, మొదటి చెంబున్నర చన్నీళ్లే వస్తున్నాయి.

కంచరపాలెం_కుర్రాడు
ఆ చెంబున్నర మొక్కలకి పోయండి. ఇన్నాళ్లూ గీజర్‌ని ఎగతాళి చేశాను, సారీ చెప్పానని చెప్పండి దానికి.

సీతమ్మధార_సింపుల్
రిటైర్డ్ గారూ, వైర్లు మళ్లీ సెన్సర్‌కే పెట్టించాను. పెట్టగానే మళ్లీ మాటిమాటికీ ఆగుతోంది.

ఉక్కునగరం_రిటైర్డ్
మంచిది, ఆగనివ్వండి. మూత విప్పించి రాగి రెక్కల్లో మసి, పైపుల్లో గార ఉందేమో చూడమనండి. బోరు నీళ్లేనా మీవి?

సీతమ్మధార_సింపుల్
బోరు నీళ్లే. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది.

ఉక్కునగరం_రిటైర్డ్
అయితే అదే అయ్యుండొచ్చు. వేరే థ్రెడ్ పెట్టండి, ఫొటోతో. గీజర్ ఎక్కడుందో మొదటి లైన్లోనే రాయండి.